లూకా 17:21: ‘మీ మధ్యనే’నా, ‘మీలోనే’నా?

ఆవగింజ:
అందరికీ వందనాలు. రెండేళ్లుగా బైబిల్‌ను అంతరార్థంతో చదువుతున్నాను. ఐగుప్తు (ఈజిప్టు) అంటే నా పాత అలవాట్లు, ఫరో అంటే నా మొండితనం, ఎర్ర సముద్రం నా భయం. అమెరికాలో ఫిల్‌మోర్ దంపతులు 1889లో కాన్సాస్ సిటీలో మొదలుపెట్టిన యూనిటీ అనే ఆధ్యాత్మిక ఉద్యమం వాళ్ల పద్ధతి ఇదే. పన్నెండుమంది శిష్యులు మనలోని పన్నెండు శక్తులని చార్లెస్ ఫిల్‌మోర్ చెప్పాడు. పేతురు విశ్వాసం, యోహాను ప్రేమ, తోమా గ్రహింపు, ఇలా. నాకైతే కోపం తగ్గింది. ఆఫీసులో టెన్షన్ పెరిగితే, పడవలో నిద్రపోతున్న క్రీస్తు నాలోనే ఉన్నాడు, లేపితే చాలు అనుకుంటాను. ఇది మా సంఘంలో చెబితే దుర్బోధ అన్నారు. దేవుని రాజ్యం మనలోనే ఉందని యేసే అన్నాడు కదా, లూకా 17:21లో?

టీ_విరామం:
మరి యేసును అప్పగించిన ఇస్కరియోతు యూదా ఏ శక్తి?

ఆవగింజ:
జీవశక్తి అని రాశాడు.

టీ_విరామం:
ముప్పై వెండి నాణేలకు బాగానే పలికింది 😀

గుండ్లకమ్మ:
బ్రదర్, ముందు తెలుగు బైబిల్ తెరవండి. ‘మీ మధ్యనే యున్నది’ అని ఉంది. పైగా ఆ మాట అన్నది పరిసయ్యులతో, అంటే ధర్మశాస్త్రం పట్టుకుని వేలాడే యూదు మతవాదులతో. సున్నం కొట్టిన సమాధులని ఆయన తిట్టింది వాళ్లనే. వాళ్ల గుండెల్లో దేవుని రాజ్యం ఉందంటారా? రాజ్యం వాళ్ల ఎదురుగా నిలబడి మాట్లాడుతోంది, వాళ్లకు కనబడలేదు. అంతే.

ఆవగింజ:
గ్రీకులో అక్కడున్న మాట ‘ఎంటోస్’. కొత్త నిబంధనలో అది మళ్లీ కనిపించేది మత్తయి 23:26లోనే, గిన్నె లోపల శుభ్రం చేయమన్న చోట. అక్కడ ‘గిన్నె మధ్య’ అని ఎవరూ అనువదించలేదు. ‘మధ్య’ అనాలనుకుంటే లూకాకు ‘ఎన్ మెసో’ ఉంది, వేరే చోట్ల వాడాడు కూడా. కింగ్ జేమ్స్ బైబిల్‌లో కూడా ‘లోపల’ అనే ఉంది.

గుండ్లకమ్మ:
గిన్నె ఒకటే, మనుషులు పదిమంది. ‘మీలో ఒకడు నన్ను అప్పగించును’ అన్నాడు. మీలో అంటే మీ గుండెలోనా, మీ గుంపులోనా? మన తెలుగులోనే ఆ మాటకు రెండర్థాలు ఉంటే గ్రీకు దాకా పోవడం ఎందుకు?

శ్రోత:
నేను క్రైస్తవుణ్ని కాదు. మా తాతగారు గీత చెప్పేటప్పుడు కురుక్షేత్రం అంటే ఈ దేహమే అనేవారు. ఇదీ అలాంటిదే కదండీ?

గుండ్లకమ్మ:
అందుకే నాకు భయం. యుద్ధం ఒంట్లోనే అయిపోతే ఊళ్లో ఎవరు చేస్తారు?

పాత_కీర్తన:
ఇద్దరూ కాస్త నెమ్మది. అబ్రాహాము దాసి హాగరు, భార్య శారా అలంకార రూపకం అని గలతీ 4లో పౌలే చెప్పాడు. శరీరం, ప్రాణం, ఆత్మ ఉన్నట్టే లేఖనానికీ మూడు అర్థాలుంటాయని మూడో శతాబ్దంలో ఓరిజెన్ అనే క్రైస్తవ పండితుడు అన్నాడు. అతని కంటే ముందే అలెగ్జాండ్రియాలో ఫిలో అనే యూదుడు ఐగుప్తును శరీరానికి గుర్తుగా చదివాడు. కాబట్టి అంతరార్థం అనగానే దుర్బోధ అనకండి. అలాగని హాగరు అనే మనిషే లేదని పౌలు అనలేదు, అదీ గుర్తుంచుకోండి.

ఆవగింజ:
థాంక్సండీ. అక్షరము చంపును అన్నది కూడా పౌలే. కొందరికి లెక్కలు, తారీఖులు కావాలి. మార్పు వద్దు.

గుండ్లకమ్మ:
లెక్కలు నాకు కావాలి బ్రదర్, అవును. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఎక్కువమంది మాదిగలు. కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వి ప్రాణం నిలుపుకున్నవాళ్లు చాలామంది. మా పూర్వీకుడు ఒకడు వాళ్లలో ఉన్నాడని ఇంట్లో చెబుతారు. ఆయనకు ఐగుప్తు అంటే పాత అలవాటు కాదు. బావి దగ్గరికి రానివ్వని ఊరు. రాజ్యం అంటే పక్కపక్కన కూర్చుని ఒకే గిన్నెలో తాగడం. అది ‘మధ్య’నే ఉంటుంది, ఒక్కడి లోపల ఎలా ఉంటుంది?

ఆవగింజ:
చరిత్రను కాదనడం లేదు. ఇందులో స్వస్థత కూడా ఉంది అంటున్నా. చార్లెస్ భార్య మర్టిల్ ఫిల్‌మోర్‌కు క్షయ. ‘నేను దేవుని బిడ్డను, కాబట్టి రోగం నాకు వారసత్వంగా రాదు’ అన్న మాట 1886లో ఒక ఉపన్యాసంలో విని, దాన్నే పట్టుకుని కోలుకున్నానని ఆమె చెప్పుకుంది. తలంపు మారితే ఒళ్లు మారుతుంది.

గుండ్లకమ్మ:
ఆ మాట మాత్రం నా దగ్గర అనకండి.

మా అమ్మకు రొమ్ములో గడ్డ. ధ్యానం, ప్రార్థన అంటూ వచ్చే ఒకామె ‘అక్కా, నీలో క్షమించని తలంపు ఏదో ఉంది, అదే గడ్డ కట్టింది’ అంది. అమ్మ నమ్మింది. నోటుపుస్తకంలో పేర్లు రాసుకుంది. ఎప్పుడో కుళాయి దగ్గర పోట్లాడినామెకు కూడా ఫోన్ చేసి క్షమించమని అడిగింది. ఆ జాబితాలో నా పేరూ ఉంది. కీమో మానలేదు, అది మా అదృష్టం. కానీ చివరి నాలుగు నెలలూ రోగంతోపాటు నేరం కూడా మోసింది. పుట్టు గుడ్డివాణ్ని చూపించి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే వీడూ, వీడి కన్నవాళ్లూ పాపం చేయలేదన్నాడు కదా యేసు. దానికి మీ అంతరార్థం ఏంటో చెప్పండి.

టీ_విరామం:
సారీ అన్నా. పైన నవ్వినందుకు.

ఆవగింజ (మర్నాడు):
నిన్న రాత్రే రాద్దామనుకున్నా, చేతకాలేదు. అమ్మగారి విషయంలో అలా అన్నది తప్పు. చార్లెస్ ఫిల్‌మోర్‌కే చిన్నప్పుడు మంచు మీద పడి కాలు దెబ్బతింది, పొట్టిదైంది. ధ్యానంతో సాగుతోందనేవాడు. చివరికి 1948లో అందరిలాగే పోయాడు. స్వస్థత గురించి నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నా.

కానీ మిగతాది తీసుకోను. మా నాన్న తాగి వచ్చి కొట్టేవాడు. సంఘం పెద్దలు ఇంటికి వచ్చి కాఫీ తాగి, ‘ప్రార్థన చేయండమ్మా’ అని వెళ్లేవాళ్లు. పదిహేనేళ్లు. అంతమంది మధ్యలో ఆ రాజ్యం నాకు ఎక్కడా కనబడలేదు. ఫరో నా లోపల కూడా ఉన్నాడని తెలిశాకే, నా కొడుకు మీద ఎత్తిన చెయ్యి దించాను.

పాత_కీర్తన:
ఆ పెద్దల్లాంటివాళ్లలో నేనూ ఒకణ్ని. ఇలాంటి ఇళ్లలో కాఫీ తాగి వచ్చాను.

గుండ్లకమ్మ:
చెయ్యి దించారు, సంతోషం. దించాక ఆ పిల్లాడికీ మీకూ మధ్య ఏదో వచ్చింది చూడండి. నేను అంటున్నది అదే.

ఆవగింజ:
ముందు లోపల రాకపోతే మధ్యకు ఎక్కణ్నుంచి వస్తుంది అన్నా?

గుండ్లకమ్మ:
మళ్లీ మొదలుపెట్టారు. మత్తయి 23:26 ఇంకోసారి చదివి వస్తా, ఉండండి.