చర్చ: కుక్ ఊరు చూడాలంటే రైలా, కారా?

కిటికీసీటు: ఆస్ట్రేలియాలో నల్లార్బర్ మైదానం నడుమ ఉన్న కుక్‌కు రెండు దారులున్నాయి. సిడ్నీ–పెర్త్ మధ్య 4,352 కి.మీ. నడిచే ఇండియన్ పసిఫిక్ రైలు అక్కడ కాసేపు ఆగుతుంది. లేదా ఐర్ హైవే నుంచి ఉత్తరానికి సుమారు 100 కి.మీ. మట్టిదారిలో సొంత బండి. ఏది మేలు? కారణాలతో సహా చెప్పండి.

లూప్‌లైన్: రైలే. ఆ ఊరు పుట్టిందే పట్టాల కోసం. కుక్ మీదుగా పోయే పోర్ట్ అగస్టా–కల్గూర్లీ లైను 1917లో పూర్తయింది. ఆవిరి ఇంజన్లకు నీళ్లూ బొగ్గూ కావాలి, లైను చూసుకోవడానికి కూలీల గ్యాంగులు కావాలి, వాళ్లకు బడీ ఆసుపత్రీ కావాలి. 1951 నుంచి డీజిల్ ఇంజన్లు రావడంతో ఆ అవసరం తగ్గుతూ వచ్చింది. 1997లో రైల్వేను ప్రైవేటుకు అమ్మేశాక ఊరు ఖాళీ అయిపోయింది. ఇప్పుడు ఇంజన్లకు డీజిల్ పట్టడానికి, డ్రైవర్లు మారడానికి మాత్రమే వాడుతున్నారు. 478 కి.మీ. ఒక్క వంపు కూడా లేని లైను మీద కూర్చుని వచ్చినవాడికి ఇదంతా ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మట్టిరోడ్డు: అర్థమయ్యేంత టైము ఉండాలి కదండీ! ఆగేది అరగంటో, గంటో. సింగిల్ లైను అది. 1.8 కి.మీ. పొడవున్న గూడ్సులు ఎదురొస్తుంటాయి. ఎదురు బండికి దారివ్వడానికి ఏదో లూపులో, అంటే పక్క లైనులో, నిలబెట్టారంటే ఆ ఆలస్యాన్ని కుక్‌లో ఆగే టైములోంచి కోసేస్తారు. పైగా 2016 నుంచి ఆ రైల్లో కూర్చునే సీట్లు లేవు, బెర్తులే. టిక్కెట్టు వేల డాలర్లు. ఊరు మొత్తం తీరిగ్గా చూడాలంటే కారే దిక్కు.

ఎర్రజెండా: మట్టిరోడ్డు గారూ, ఆ దారి సంగతి కూడా చెప్పాలి మరి. కింద ఉన్నది సున్నపురాయి. పైకి తేలిన రాయి అంచులు టైరు పక్కగోడను కోస్తాయి, అక్కడ పడిన కోతకు ప్యాచ్ నిలవదు. కాబట్టి స్టెప్నీలు రెండు ఉండాలి. మట్టిలో గాలి కాస్త తగ్గించి నడపండి, హైవే ఎక్కగానే మళ్లీ నింపండి. రానుపోను 200 కి.మీ., 4x4 బండి (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందేది) 100 కి.మీ.కు 12–15 లీటర్లు తాగుతుంది. దారి మెత్తగా ఉంటే ఇంకా ఎక్కువ. కుక్‌లో డీజిల్ ట్యాంకులు కనిపిస్తాయి, అవి ఇంజన్లవి. మీకు పోస్తారనుకుని బయల్దేరకండి. హైవే మీద రోడ్‌హౌస్‌లోనే (పెట్రోలు బంకు ఉన్న దారి మజిలీ) ట్యాంకు నింపి, 20 లీటర్ల క్యాను అదనంగా పెట్టుకోండి. నీళ్లు మనిషికి రోజుకు 10 లీటర్లు. ఫోను సిగ్నల్‌ను నమ్ముకోకుండా శాటిలైట్ ఫోను ఉంచుకోండి. వాన పడిందా, ఆ ఎర్రమట్టిలో 4x4 కూడా జారుతుంది. ఆ రోజుకు ప్రయాణం మానుకోవడమే.

మట్టిరోడ్డు: లెక్కలన్నీ ఒప్పుకుంటా. కానీ ఇవన్నీ సర్దుకుని వెళ్లేవాళ్లు ఉన్నారు. ఆగిన రైలుకీ ఊళ్లోని పాత జైలుకీ మధ్య పరిగెత్తేవాళ్ల కంటే వాళ్లే ఎక్కువ చూస్తారు.

లూప్‌లైన్: ఆ జైలు చూడ్డానికి ఎంతసేపు కావాలి స్వామీ? మరుగుదొడ్డి సైజు గదులు రెండు, అంతే! దిగగానే ముందు అటు వెళ్లండి, ఎందుకంటే గుంపంతా అక్కడే ఫొటోలకు చేరుతుంది. తర్వాత రైలు చివరికి నడిచి, పట్టాలు ఆకాశంలో కలిసేవైపు చూడండి. పట్టాల మీదికి మాత్రం ఎక్కొద్దు, పక్క లైన్లో గూడ్సు రావచ్చు. కాళ్లకు బూట్లు ఉండాలి, దిగేది కంకర మీదికి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, నీడ కోసం వెతికినా చెట్లు తక్కువే. ఈగలు ముసురుతాయి, ముఖానికి వల టోపీ ఉంటే హాయి.

కిటికీసీటు: రైల్లో వచ్చి అక్కడే దిగిపోయి, తర్వాతి రైలు ఎక్కితే?

ఎర్రజెండా: కుదరదండీ. ఒక్కో వైపు ప్రయాణికుల బండి వారానికొకటి, ఉండటానికి బస లేదు. రైలే ఎంచుకుంటే బుక్ చేసేముందు ఒక్కటి అడగండి: మీరు వెళ్లే దిశలో కుక్ పగలు వస్తుందా, రాత్రా? సీజన్‌ను బట్టి టైములు మారుతుంటాయి. రాత్రయితే ఆ డబ్బుకు మీకు దక్కేది చీకటే, అప్పుడు నా ఓటు కూడా కారుకే.