మిరిస్సాలో తిమింగలాల పడవ ఎక్కాలా, వద్దా?

శ్రావణి, విజయవాడ:
ఫిబ్రవరిలో శ్రీలంక వెళ్తున్నాం. కొలంబో, గాలె, మిరిస్సా, చివర్లో ట్రింకోమలీ. మా అత్తగారికి శాంకరీదేవి దర్శనం కావాలి, పిల్లలకు నీలి తిమింగలం కావాలి. మిరిస్సాలో పొద్దున్నే బయల్దేరే పడవకి టికెట్లు తీసుకుందామంటే మావారు ఒప్పుకోవడం లేదు. పడవలన్నీ కలిసి దాన్ని తరుముతాయట, అలాంటిదానికి డబ్బు కట్టి పిల్లల్ని ఎందుకు తీసుకెళ్లాలి అంటున్నారు. వెళ్లొచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

రమణమూర్తి:
తప్పకుండా వెళ్లండమ్మా. భూమ్మీద పుట్టిన జంతువులన్నిటిలోకి పెద్దది కళ్లముందు ఊపిరి వదలడం పిల్లలు జన్మలో మర్చిపోరు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా దక్షిణ తీరంలో సీజన్, మీరు వెళ్లేది సరైన సమయమే. ఇంకో మాట. 1960లలో సోవియట్ నౌకలు ఈ ఉత్తర హిందూ మహాసముద్రంలో దొంగచాటుగా 1,300 దాకా నీలి తిమింగలాల్ని చంపాయి. ఇవాళ అదే జంతువు బతికుంటేనే ఒక ఊరికి కూడు దొరుకుతోంది. అంతకన్నా మంచి రక్షణ ఏముంటుంది?

మాధురి, విశాఖ:
రమణమూర్తి గారూ, చంపడం ఆగింది నిజమే. చంపకపోతే చాలు, ఏం చేసినా పర్లేదు అనుకోలేం కదండీ.

అవి అక్కడికి ఎందుకొస్తున్నాయో చూడండి. లంక దక్షిణ కొసన, దొండ్రా అగ్రం దగ్గర తీరపు మెట్ట (ఒడ్డు పక్కన నీటి అడుగున తక్కువ లోతులో ఉండే నేల) చాలా సన్నం, ఒడ్డు నుంచి కాస్త దూరం వెళ్లగానే సముద్రం ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది. ఆ అంచున చిన్న రొయ్యల్లాంటి జీవులు గుంపులుగా దొరుకుతాయి. మిగతా నీలి తిమింగలాలు చాలావరకు మేతకు చల్లటి సముద్రాలకు పోయి, ఈనడానికి వెచ్చటి నీళ్లకు వస్తాయి. ఇవి అలా పోవు, ఏడాదంతా వెచ్చటి నీళ్లలోనే ఉండి అక్కడే తింటాయి. 2003లో లంక శాస్త్రవేత్త ఆశా డి వోస్ ఈ తేడాని గుర్తించి, ఆ తర్వాత తన జీవితమంతా దీనిమీదే పెట్టారు.

అంటే మన పడవ వెళ్లి ఆగేది దాని భోజనం దగ్గర. పైకొచ్చి కొన్నిసార్లు ఊపిరి పీల్చుకుని, తోకెత్తి పది నిమిషాలో ఇంకా ఎక్కువో లోపల మేస్తుంది. ఆ ఊపిరి పీల్చుకునే కాసేపట్లోనే నాలుగు వైపుల నుంచి ఇంజన్లు దూసుకొస్తే, చాలినంత గాలి తీసుకోకుండానే మునుగుతుంది. విస్తట్లో చెయ్యి పెట్టినవాడి చుట్టూ చేరి ఫొటోలు తీస్తే ముద్ద దిగుతుందా? 2012 నుంచి 100 మీటర్ల దూరం పాటించాలని అక్కడ నిబంధన ఉంది. నడిసముద్రంలో కొలిచేదెవరు?

కిరణ్:
పడవలకంటే ఓడలు ఎక్కువ ప్రమాదం. దొండ్రా కింద పోయేది ప్రపంచంలోని రద్దీ ఓడదారుల్లో ఒకటి. మేత స్థలమూ అదే. ఓడ తగిలి చచ్చిన తిమింగలాలు అక్కడ దొరికాయి. 2022లో ఎమ్మెస్సీ అనే పెద్ద కంపెనీ తన ఓడల్ని ఇంకా దక్షిణంగా మళ్లించింది. మార్పు అక్కడ రావాలి, పిల్లల్ని తీసుకెళ్లే తల్లి మీద పడతారేంటి?

మాధురి, విశాఖ:
ఎవరిమీదా పడటం లేదండి. ఓడల సంగతి మీరన్నది ముమ్మాటికీ నిజం. కానీ ఓడదారిని మార్చడం శ్రావణి గారి చేతిలో లేదు. టికెట్ కొనాలా వద్దా అన్నది ఆవిడ చేతిలోనే ఉంది.

సుబ్బారావు (పడవ ఎక్కినవాణ్ణి):
ఈ గొడవలో ఒకరిని మర్చిపోతున్నారు, పడవలో కూర్చున్న మనల్ని. సరంగు కావాలని మీదికి పోనివ్వడు. మన మొహాలు చూసి పోనిస్తాడు. దూరంగా చిమ్మిన నీటి ధార కనబడగానే అందరూ ముందుకి తోసుకొచ్చి ‘ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి’ అని అరుస్తారు. పక్క పడవ ముందుకెళ్తే ‘వాళ్లకి బాగా కనబడుతోంది’ అని గోల. దగ్గరికి తీసుకెళ్లినవాడి చేతిలోనే నోట్లు పెడతారు. వెనక ఆగిన సరంగుకి చెడ్డ రివ్యూ. అతను ఏ పాఠం నేర్చుకుంటాడు?

లంకలో అంతర్యుద్ధం ముగిసిన 2009 తర్వాత ఈ వ్యాపారం ఇంతగా పెరిగింది. పాడు చేసింది మన ఆత్రం, కాబట్టి బాగుచేయడం కూడా మనవల్ల అవుతుంది. ఎక్కేముందు రెండే అడగండి: దాని దారికి అడ్డంగా పోతారా, పక్కగా ఉంటారా? దగ్గరపడ్డాక ఇంజన్ వేగం తగ్గిస్తారా? దూరంగా ఆపినందుకు డబ్బు ఎక్కువ ఇవ్వండి, ఎందుకిస్తున్నారో గట్టిగా చెప్పి ఇవ్వండి. తిమింగలం పక్కనే నీళ్లలో ఈదిస్తామనేవాళ్ల జోలికి అసలు పోకండి.

మాధురి, విశాఖ:
సుబ్బారావు గారి మాటకి నమస్కారం. అయినా నాకు సగమే నమ్మకం. అరిచేవాళ్ల మధ్య ఒక్క కుటుంబం మాట ఎంతవరకు చెల్లుతుంది? పోటీలో పది పడవలుంటే ఒక్కటి ఆగినా ఆ జంతువుకి ఒరిగేది తక్కువే.

శ్రావణి గారూ, మీరెలాగూ ట్రింకోమలీ వెళ్తున్నారు. కోణేశ్వరం గుడి ఉన్న స్వామి కొండ నిట్టనిలువుగా సముద్రంలోకి దిగుతుంది, దాని కిందే లోతైన అగాధం. ఆ కొండమీద నిలబడి నీలి తిమింగలాల్ని చూసినవాళ్లున్నారు. ఇంజన్ లేదు, తరమడం లేదు. శాంకరీదేవి స్థానం కూడా అక్కడే.

రమణమూర్తి:
ఫిబ్రవరిలో తూర్పు సముద్రం ఇంకా పూర్తిగా తేరుకోదండి. అటు సీజన్ వేసవిలో. ఆ ఆశతో పిల్లల్ని ఎండలో నిలబెడితే పాపం.

శ్రావణి, విజయవాడ:
అందరికీ కృతజ్ఞతలు. మావారికి అన్నీ చదివి వినిపించాను. సుబ్బారావు గారు చెప్పిన రెండు ప్రశ్నలూ ముందే ఫోన్ చేసి అడుగుతాం. తిన్నగా జవాబిచ్చిన పడవ దొరికితే ఎక్కుతాం, ‘ముట్టుకునేంత దగ్గరికి తీసుకెళ్తాం’ అంటే మానేస్తాం. కొండమీదికి ఎలాగూ వెళ్తాం, కనబడకపోయినా దర్శనం అయితే అవుతుంది.

మాధురి, విశాఖ:
ఫోన్లో ఎవరు ఏం చెప్పారో వచ్చాక ఇక్కడ రాయండి. మార్చిలో మా అన్నయ్య వాళ్లు వెళ్తున్నారు, వాళ్లకి పనికొస్తుంది.