వాయిస్ నెట్ ఉండగా ప్యాకెట్ ఎందుకు? వరంగల్ హ్యాములు (అమెచ్యూర్ రేడియోవాళ్లు) చెప్పండి

హన్మకొండ_యాంటెన్నా:
పోయిన ఆదివారం మన వాయిస్ నెట్‌లో, అంటే అందరం ఒకే ఫ్రీక్వెన్సీ మీద చేరి మాట్లాడుకునే చోట, వరద డ్రిల్ చేశాం కదా. నేను చదివింది పన్నెండు మందుల జాబితా, డోసులతో సహా. ఫోనెటిక్స్‌లో (ఆల్ఫా, బ్రావో అంటూ) అక్షరం అక్షరం చెప్పి, అవతలివాళ్లు తిరిగి చదివి, మళ్లీ సరిదిద్దేసరికి తొమ్మిది నిమిషాలు పట్టింది. అయినా రెండు డోసులు తప్పు పడ్డాయి. ఆ గరగరలో ఫిఫ్టీ, ఫిఫ్టీన్ ఒకేలా వినిపిస్తాయి, రాసుకున్నవాళ్ల తప్పేం లేదు.

అదే జాబితాను ప్యాకెట్‌లో, అంటే కంప్యూటర్ టెక్స్ట్‌ను రేడియో మీద ముక్కలుగా పంపే పద్ధతిలో, 1200 బాడ్ (సెకనుకు 1200 బిట్లు) వేగంతో పంపితే? ఒక్కో ప్యాకెట్‌లో 256 బైట్లు పడతాయి, అది గాల్లో ఉండేది సుమారు రెండు సెకన్లు. దారిలో ఎక్కడైనా చెడితే చెక్‌సమ్ (ప్యాకెట్‌తో పాటు వచ్చే సరిచూసే లెక్క) కలవదు, అవతలి స్టేషన్ దాన్ని వదిలేసి మళ్లీ అడుగుతుంది. రాకపోతే రాదు గానీ, ఫిఫ్టీ ఫిఫ్టీన్‌గా మారి రాదు. అందుకే మనందరం ప్యాకెట్‌కు రావాలంటున్నాను.

పాత_మోర్స్_కీ:
తమ్ముడూ, నేనూ ఒకప్పుడు టీఎన్‌సీ (ప్యాకెట్ కోసం రేడియోకు తగిలించే మోడెమ్) కొన్నాను. ఏడాదంతా పిలిచాను, జవాబిచ్చే స్టేషన్ ఒక్కటీ లేదు. చివరికి అటక ఎక్కించాను. మళ్లీ అదే పని చేయమంటే మావాళ్లెవరూ కదలరు.

ఇంకో మాట. 2023 జులై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. డాబాల మీద నిలబడ్డ మనుషుల్ని హెలికాప్టర్లతో తెచ్చారు. అలాంటి చోట హ్యాండీ (చేతి రేడియో) పట్టుకున్నవాడు బటన్ నొక్కి మాట్లాడాలా, కేబుల్ పెట్టి టైప్ చేయాలా? గొంతు వింటేనే ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

ములుగు_అడవి:
సార్ చెప్పింది నిజం. నాకు మరో టెన్షన్ ఉంది. రేడియోలో రహస్య సంకేతాలు పెట్టకూడదు, మనం పంపేది ఎవరైనా చదవొచ్చు. మాట గాల్లో కలిసిపోతుంది, టెక్స్ట్ మాత్రం ఎవరి కంప్యూటర్లోనో మిగిలిపోతుంది. మేడారం జాతరలో తప్పిపోయిన పిల్లల పేర్లు, తల్లిదండ్రుల నంబర్లు అలా పంపుతామా?

హన్మకొండ_యాంటెన్నా:
అన్నా, పేర్లు వద్దు. శిబిరంలో రాసుకున్న టోకెన్ నంబర్, వయసు, చొక్కా రంగు పంపుదాం. పేరు కాగితం మీదే ఉంటుంది.

సార్, డాబా మీదున్నవాడు మాట్లాడాల్సిందే, అందులో నాకు వేరే మాట లేదు. నేను అడిగేది ఆ తర్వాత వచ్చే జాబితాల గురించి: ఎన్ని బియ్యం బస్తాలు, ఏ మందు, ఏ ఊరు. ఊరి పేర్లు తెలుగులోనే పంపొచ్చు. ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడుతుంది, ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్క. అయినా ఒక ప్యాకెట్‌లో 85 గుర్తులు వస్తాయి.

మీ అటక సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. ఇన్నాళ్లూ మనం జనాన్ని ముందు సామాన్లు కొనమన్నాం, అక్కడే తప్పు జరిగింది. ముందు అవతల ఒకరుండాలి. మా ఇంటి మీద పాత రిగ్ (రేడియో సెట్) ఒకటి, దానికి చిన్న కంప్యూటర్, డైర్‌వుల్ఫ్ (టీఎన్‌సీ పని చేసే సాఫ్ట్‌వేర్), సందేశాలు దాచే ఒక మెయిల్‌బాక్స్ పెట్టి రాత్రింబవళ్లు నడుపుతాను. డైర్‌వుల్ఫ్ ఉచితమే. మీరు అర్ధరాత్రి పిలిచినా అది జవాబిస్తుంది. మొదటి నెల ఎవరూ ఏమీ పంపక్కర్లేదు, ల్యాప్‌టాప్‌తో వింటే చాలు. అంతరిక్ష కేంద్రం డిజిపీటర్ (ప్యాకెట్లను అందుకుని తిరిగి పంపే స్టేషన్) ఆన్‌లో ఉన్నప్పుడు 145.825 మెగాహెర్ట్జ్ మీద దాని ప్యాకెట్లూ వినొచ్చు.

ములుగు_అడవి:
వినడం వరకు నేను రెడీ. కానీ పంపేటప్పుడు నర్సంపేటవాళ్లు మాకు వినపడరు. ఇద్దరం ఒకేసారి నీ స్టేషన్‌ను పిలిస్తే రెండూ పాడవుతాయి.

హన్మకొండ_యాంటెన్నా:
అవుతాయి. అందుకే నలుగురైదుగురితోనే మొదలుపెడదాం, మళ్లీ పంపే ముందు ఆగే సమయం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంచుదాం. చౌక హ్యాండీని వాక్స్ (శబ్దం వింటే దానంతట అదే ట్రాన్స్‌మిట్ అయ్యే ఏర్పాటు) మీద మాత్రం నడపొద్దు. ట్రాన్స్‌మిట్ ఆలస్యంగా మొదలై ప్యాకెట్ తల తెగిపోతుంది. పీటీటీ (ట్రాన్స్‌మిట్ బటన్) లైను ఉన్న కేబుళ్లు నేనే సోల్డర్ చేసిస్తాను.

పాత_మోర్స్_కీ:
నెట్ ఫ్రీక్వెన్సీ మీద ప్యాకెట్ గోల ఒక్కసారి వినిపించినా నేను ఒప్పుకోను. వేరేచోట పెడతానంటే, అటక మీది టీఎన్‌సీ దింపుతాను. దాని పవర్ అడాప్టర్ పోయింది, 12 వోల్టులది ఉంటే తీసుకురా.