తుమ్మలబైలు సఫారీకి పెద్దవాళ్లతో వెళ్లవచ్చా?

వచ్చే ఆదివారం ఒంగోలు నుంచి మార్కాపురం, దోర్నాల మీదుగా తుమ్మలబైలు జంగిల్ సఫారీకి వెళ్దామనుకుంటున్నాం. అటవీశాఖ జీపులోనే తిప్పుతారని తెలుసు. మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. జీపు ఎక్కాలంటే ఒకరు చెయ్యి అందించాలి, ఇంకొకరు వెనక నిలబడాలి. నల్లమల మట్టిదారిలో ఆ కుదుపులు ఆవిడ తట్టుకోగలరా? ముందు సీటు అడిగితే ఇస్తారా?

మా అబ్బాయికి ఆరేళ్లు. పులి కనిపించకపోతే ఊరుకోడు. జింకలనూ నెమళ్లనూ చూపించి సర్దిచెప్పే పని వాళ్ల నాన్నది!

టికెట్లు అక్కడికి వెళ్లాక దొరుకుతాయా, ముందే చెప్పి ఉంచాలా? పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్తాం. గేటు దగ్గర కూర్చుని తినడానికి నీడ, ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉన్నాయా? రాత్రి ఘాట్ రోడ్డు మూసేస్తారు కాబట్టి పొద్దుగూకేలోపే దోర్నాల చేరుకోవాలి. ఈమధ్య పెద్దవాళ్లతో వెళ్లివచ్చినవారు ఎవరైనా చెప్పండి. ఆవిడకు కష్టమంటే తిరుపతి జూలో సింహాల సఫారీకే వెళ్తాం.