కువైట్ ఎండల్లో తులసిని బతికించుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఉద్యోగం వల్ల కువైట్‌లో ఉంటున్నాం. ఈమధ్యే అమ్మ కూడా మా దగ్గరికి వచ్చింది. కాలువలు, కొబ్బరితోటల మధ్య పెరిగిన మనిషికి ఇక్కడ కిటికీ తీస్తే ఇసుకరంగు తప్ప ఏమీ కనపడదు.

తులసికి నీళ్లు పోసి దణ్ణం పెట్టుకుంటే గానీ అమ్మ కాఫీ ముట్టదు. బాల్కనీలో కుండీలో పెట్టాం. జూన్ వచ్చేసరికి ఆకుల అంచులు నల్లబడి, చిగుళ్లు మాడి, పైనుంచి కిందికి ఎండిపోయింది. అమ్మ రోజంతా మాట్లాడలేదు. ఇక్కడ ఎండ 50 డిగ్రీల దాకా పోతుంది, పైగా ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వేడిగాలి అటే కొడుతుంది. గ్రీన్ నెట్ కట్టాలా, వేసవంతా ఇంట్లో కిటికీ దగ్గర పెడితే చాలా? నీళ్లు ఏ వేళ పోయాలి? క్షీరాబ్ది ద్వాదశికి తులసి పక్కన పెట్టడానికి ఉసిరికొమ్మ ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది?

ఇంకో సాయం. సాయంత్రాలు అమ్మకు సినిమాలే కాలక్షేపం. ‘అందాల రాముడు’ (1973), ‘గోదావరి’ (2006) చూశాం. రెండింట్లోనూ గోదావరి మీద భద్రాచలం ప్రయాణమే కదా, ఏటిగట్టు కనపడితే చాలు, “కాస్త ఆపరా” అంటుంది. కథ ఎలా ఉన్నా పర్లేదు, కోనసీమ పచ్చదనం బాగా కనిపించే పాత సినిమాలు చెప్పండి. నరుకుళ్లు లేనివైతే మేలు.

తులసి సంగతి గల్ఫ్‌లో పెంచినవాళ్లు చెబితే ఇంకా మంచిది. కార్తీకం లోపు కొత్త మొక్క పెట్టాలి. విత్తనం వేయమంటారా, మొక్క కొనమంటారా?