బోణీ బేరమని బతిమాలితే మొహమాటపడాలా, వద్దని లేచి రావాలా?

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి):
నవంబరులో మా బావమరిదితో కలిసి సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కి కోరాపుట్, అక్కడి నుంచి దేవమాలి వెళ్దామనుకున్నాం. నా హెల్మెట్ కొని ఆరేళ్ళు దాటింది. కొత్త హెల్మెట్, ఒక జత గ్లౌజులు కొందామని పదివేలు అనుకుని బస్సెక్కి బరంపురం వెళ్ళాను. షాపు తెరిచిన పావుగంటకే లోపల ఉన్నాను. కౌంటర్‌లో కుర్రాడు ముందు ఒడియాలో "రండి భాయినా" అని పిలిచాడు. నా ఒడియా వినగానే "మన తెలుగువాళ్ళేనా అన్నయ్యా, ఏ ఊరు?" అన్నాడు. వాళ్ళ అమ్మమ్మగారిది పాతపట్నమట. మా ఊరికి ఆనుకునే ఉన్న ఊరు. ఆ ఒక్క మాటకే నేను సగం మెత్తబడిపోయాను.

టీ తెప్పించాడు. హెల్మెట్ కొంచెం వదులుగా ఉందంటే "వాడగా వాడగా సర్దుకుంటుంది" అన్నాడు. జాకెట్ వద్దన్నాను. "కొనొద్దులెండి, ఒక్కసారి తొడుక్కోండి" అన్నాడు. తొడుక్కున్నాక "వీపుకి లెవెల్ 2 ప్యాడ్ ఉంది, ఇదే ఆఖరి పీసు" అన్నాడు. నేను ఇంకా ఆలోచిస్తుండగానే బిల్లు కొట్టే చోటికి తీసుకెళ్ళి పెట్టేశాడు. వెనక్కి తగ్గుతుంటే "బోణీ బేరం అన్నయ్యా, మీ చేతి మీదుగా కాదనకండి" అన్నాడు. హెల్మెట్ 4,200, జాకెట్ 8,900, గ్లౌజులు 2,400, లోపల వేసుకునే ముసుగు, శుభ్రం చేసే స్ప్రే కలిపి 700. మొత్తం 16,200. ఎక్కువైనదంతా ఫోన్‌లోనే కొట్టాను.

ఇంటికొచ్చి టేపుతో కొలిస్తే నా తల 57 సెంటీమీటర్లు. ఆ కంపెనీ పట్టిక ప్రకారం నాకు ఎమ్ కావాలి, ఇచ్చింది ఎల్. జాకెట్ వీపు జిప్ తీసి చూస్తే మామూలు స్పాంజి ముక్క. బిల్లు మీద మాత్రం "అమ్మిన సరుకు వాపసు తీసుకోము" అని ఉంది.

నేను అడిగేది ఇదీ. అలాంటి చోట ముఖం మీదే వద్దని లేచి వచ్చేయడం అమర్యాదా? టీ తాగాక ఖాళీ చేతులతో రాకూడదని మా నాన్నగారంటారు. నేను అలా అనుకునే ఉండిపోయాను. ఇప్పుడు రాత్రి నిద్రపట్టడం లేదు.

పెద్దబజారు (బరంపురం):
తమ్ముడూ, ముప్ఫై ఏళ్ళు పట్టుచీరల కొట్లో కూర్చున్నవాణ్ణి. ఒక చీర కోసం వచ్చిన కుటుంబానికి నలభై చీరలు విప్పి చూపించేవాళ్ళం. వాళ్ళు ఏదీ తీసుకోకుండా వెళ్తే మళ్ళీ ఆ నలభై మడతలు పెట్టుకునేది మేమే. బతిమాలడం అమ్మకంలో ఒక భాగం. ఎవరూ నీ చెయ్యి పట్టుకుని డబ్బు లాక్కోలేదు. ఏం కావాలో, ఎంతలో కావాలో తేల్చుకుని రానివాడిదే తప్పు. బోణీ అనే మాట నమ్మకంతో అంటాం, వలగా వెయ్యం. పొద్దున్నే మొదటి గిరాకీ వట్టి చేతులతో వెళ్తే ఆ రోజంతా మనసు బాగుండదు. అది నీకు వింతగా ఉండొచ్చు, మాకు కాదు.

సుంకి మలుపు (కోరాపుట్):
బాబాయ్ గారూ, గౌరవంతోనే విభేదిస్తున్నాను. నచ్చని చీర కొంటే బీరువాలో ఉంటుంది. సరిపడని హెల్మెట్ కొంటే పడ్డ రోజున తల మీద నుంచి ఊడిపోతుంది. రెండూ ఒక తక్కెట్లో వేయకండి. పోయిన వానాకాలంలో ఘాట్ మలుపులో నా ముందు బండి జారింది. నడిపే అతని హెల్మెట్ అతని కన్నా ముందు దొర్లుకుంటూ పోయింది. స్ట్రాప్ పెట్టుకునే ఉన్నాడు. సైజు పెద్దది. దేవుడి దయవల్ల భుజం విరగడంతో బయటపడ్డాడు.

"వాడగా సర్దుకుంటుంది" అన్న మాట బిగుతు హెల్మెట్‌కి కొంతవరకు నిజం, ఎందుకంటే చెంపల దగ్గర మెత్తలు నలిగి కాస్త వదులవుతాయి. వదులుది సర్దుకోదు, ఇంకా వదులవుతుంది. కొత్త హెల్మెట్ పెట్టుకుని తల అడ్డంగా ఊపితే బుగ్గల చర్మం దాంతోపాటే కదలాలి. స్ట్రాప్ బిగించి, వెనక కింది అంచు పట్టుకుని ముందుకి ఎత్తితే ఊడి రాకూడదు. పదిహేను నిమిషాలు తీయకుండా ఉంచుకుంటే నుదుటి మీద ఒకేచోట నొప్పి పుట్టకూడదు. పుడితే ఆ ఆకారం మీ తలకి పనికిరాదు. ఆ పదిహేను నిమిషాలు నిలబడనివ్వకుండా ఇంకోటి, ఇంకోటి అని నెత్తి మీద మార్చేస్తుంటారు చూడండి, నాకు మండేది అక్కడే.

ఇంకో మాట. కొందరు "ఇది డాట్ సర్, ఐఎస్ఐ కన్నా మేలు" అంటారు. డాట్ అనేది అమెరికా ప్రమాణం. అక్కడ కంపెనీయే తన హెల్మెట్ సరిపోతుందని ప్రకటించుకుని ఆ గుర్తు వేసుకుంటుంది. మన దేశంలో 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని టూవీలర్ హెల్మెట్ అమ్మకూడదు. ఆ గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని ఒక నంబరు ఉంటుంది. ఆ గుర్తు ఇచ్చే సంస్థ బీఐఎస్. వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి లైసెన్సో చూపిస్తుంది. కౌంటర్ ముందే నిలబడి కొట్టండి. ఆ రెండు నిమిషాల్లో అవతలివాళ్ళ మాట తీరు మారిపోవడం నేను చూశాను.

జాకెట్ సంగతి. భుజం, మోచేయి ప్యాడ్ల మీద యూరప్ ప్రమాణం ఈఎన్ 1621-1 అని ఉండాలి, వీపుదాని మీద ఈఎన్ 1621-2. పరీక్షలో ఒకే దెబ్బకి వీపు ప్యాడ్ లెవెల్ 1 అయితే సగటున 18 కిలోన్యూటన్ల వరకు, లెవెల్ 2 అయితే 9 వరకే దెబ్బ బలాన్ని అవతలికి వదలాలి. ఎంత తక్కువ వదిలితే అంత మేలు. చాలా జాకెట్లలో భుజాలకీ మోచేతులకీ అసలువి పెట్టి, వీపులో జేబు నిండటానికి స్పాంజి పెడతారు. తమ్ముడికి జరిగింది అదే.

జయపురం కౌంటర్:
నేను మూడేళ్ళు ఇలాంటి షాపులోనే చేశాను, ఇప్పుడు మానేశాను. అటువైపు కూడా వినండి. నా జీతం 9,000. హెల్మెట్ అమ్మితే పైన ఏమీ రాదు. జాకెట్ అమ్మితే 150, పాతబడిన సరుకు కదిలిస్తే 300. ఎవరైనా ఉత్త చేతులతో బయటికెళ్తే ఓనరు క్యాష్ దగ్గర నుంచే "ఎందుకు వదిలేశావ్?" అని అడిగేవారు. నెలాఖరులో టార్గెట్ రాకపోతే ఆ టెన్షన్‌తో ఇంట్లో అన్నం తినబుద్ధి అయ్యేది కాదు. ఎల్ సైజు ఎక్కువ మిగిలిపోతే ఎమ్ తలవాడికి కూడా ఎల్ చూపించమనేవారు. నేనూ చూపించాను. ఇప్పటికీ అది తలుచుకుంటే బాధగా ఉంటుంది.

అయితే మమ్మల్ని కసిరితే ఏం లాభం? రూలు పెట్టినవాడు క్యాష్ దగ్గర కూర్చుంటాడు, తిట్లు తినేది కౌంటర్‌లో కుర్రాడు. "వద్దు తమ్ముడూ, నాకు హెల్మెట్ ఒక్కటే, నాలుగున్నర వేల లోపు, ఎమ్ సైజు" అని మొదట్లోనే గట్టిగా చెప్పినవాళ్ళంటే నాకు ఇష్టంగా ఉండేది. ఓనరుకి నేనూ సమాధానం చెప్పుకోగలను. "చూద్దాంలే, తర్వాత, ఇంట్లో అడగాలి" అనేవాళ్ళతోనే చిక్కు. ఆ మాట మాకు వద్దు అని వినపడదు, ఇంకాస్త నెట్టమని వినపడుతుంది. మాకు నేర్పిందే అది.

ఒకటి మాత్రం నేను ఒప్పుకోను. రెండు గంటలు అన్ని సైజులూ వేసుకుని చూసి, సైజు నంబరు ఫోటో తీసుకుని, ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు. అది మా కష్టాన్ని దొంగిలించడమే.

గోపాల్‌పూర్ గాలి:
నేను ఆ పనే చేశాను, దొంగనని అనుకోను. షాపులో 9,500 చెప్పినది ఆన్‌లైన్‌లో 7,900 ఉంటే నేను ఏం చెయ్యాలి? పైగా అక్కడ ఎవరూ టీ ఇవ్వరు, బోణీ అనరు.

పెద్దబజారు (బరంపురం):
ఆ ధర షాపులోనే చెప్పి అడిగావా తమ్ముడూ? అడిగి, ఇవ్వనంటే కొనుక్కో, నేను తప్పు పట్టను. అడగకుండా ఫోటో తీసుకుని వెళ్ళిపోవడం నాకు నచ్చలేదు. ఆ షాపు మూతపడితే వచ్చే ఏడాది నీ తల ఎక్కడ కొలుచుకుంటావు?

మజ్జిగౌరి వీధి (రాయగడ):
నా అనుభవం కూడా చెప్పాలి. నేనూ మావారూ కలిసి వెళ్ళాం. బండి నడిపేది నేను, స్కూలుకి రోజూ ముప్ఫై కిలోమీటర్లు. అమ్మే పెద్దమనిషి మొదటి నుంచి చివరిదాకా మావారితోనే మాట్లాడారు. ఆయనకి గేరు బండి నడపడమే రాదు. నాకు గులాబీ రంగు పువ్వులున్న సగం హెల్మెట్ తెచ్చి "మేడమ్‌కి ఇది తేలిగ్గా ఉంటుంది, జడ కూడా పడుతుంది" అన్నారు. ఫుల్ ఫేస్ కావాలన్నాను. "ఆడవాళ్ళకి ఉక్కపోస్తుంది మేడమ్" అన్నారు. నా దవడ ఎముక కూడా ఎముకేనండీ అని చెప్పాల్సి వచ్చింది.

అక్కడే సహాయకుడిగా ఒక కుర్రాడున్నాడు. పై అర నుంచి హెల్మెట్లు దింపుతూ నా పక్కకి వచ్చి, ఓనరుకి అర్థం కాకుండా తెలుగులో మెల్లగా, "అక్కా, ఆ తెల్లది వద్దు, రెండేళ్ళుగా ఎండ తగిలే అద్దంలోనే ఉంది. తయారైన నెల లోపల స్టిక్కర్ మీద ఉంటుంది, చూసుకోండి" అన్నాడు. చూశాను. నిజమే. పర్లాకిమిడి తమ్ముడికి భాష వలైంది, నాకు అదే భాష కాపు కాసింది. అందుకే వాళ్ళందరినీ ఒక గాటన కట్టలేను. నేను కొన్నాను, కానీ ఆ కుర్రాడు దింపినది కొన్నాను. ఎవరు అమ్మారని ఓనరు అడిగితే అతన్నే చూపించాను.

సుంకి మలుపు (కోరాపుట్):
అక్కా, ఈ చివరి పని మేమెవరం చెయ్యం. చెయ్యాలి.

నోటీసు (ఛత్రపురం):
మొహమాటం గురించి నాకు చెప్పడానికి ఏమీ లేదు, బిల్లు గురించి ఉంది. "వాపసు తీసుకోము" అని అచ్చు వేసినంత మాత్రాన లోపమున్న సరుకు విషయంలో షాపు తప్పించుకోలేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోపు వాపసు తీసుకోననడం అనుచిత వ్యాపార పద్ధతి. లేని నాణ్యత ఉందని చెప్పి అమ్మడం కూడా అంతే. వీపు ప్యాడ్ లెవెల్ 2 అని చెప్పి స్పాంజి ఇవ్వడం అందులోకి వస్తుంది. హెల్మెట్ సైజు మాత్రం వేరే సంగతి. మీరు పెట్టుకుని చూసి కొన్నారు, వస్తువులో లోపం లేదు. దాన్ని మంచి మాటతో మార్పించుకోవాలే తప్ప హక్కుగా అడగడం కష్టం. మాట్లాడినా వినకపోతే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల వరకు కేసుకి ఫీజు కూడా లేదు. ముందు మాత్రం ఆ స్పాంజి ఫోటో, జాకెట్ లోపలి లేబుల్ ఫోటో తీసి పెట్టుకోండి. హెల్మెట్ లోపలి ప్లాస్టిక్ కవరు చింపకండి.

పెద్దబజారు (బరంపురం):
లెవెల్ 2 అని చెప్పి స్పాంజి ఇవ్వడం బేరం కాదు, అబద్ధం. ఆ మాట దగ్గర నేను ఆ షాపు పక్షాన లేను. మా కొట్లో జరీ కల్తీది పట్టుబడితే మా యజమాని చీర వాపసు తీసుకుని ప్రయాణ ఖర్చు ఇచ్చి పంపేవారు. తమ్ముడూ, వెళ్ళు. వెళ్ళినప్పుడు టీ తాగకు.

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి):
అమ్మని ఎమ్‌కేసీజీ ఆసుపత్రిలో చూపించడానికి ఎలాగూ బరంపురం వెళ్ళాలి. నిన్న వెళ్ళి వచ్చాను. కొని పద్దెనిమిది రోజులైంది. నేరుగా ఓనరు దగ్గరికే వెళ్ళి స్పాంజి టేబుల్ మీద పెట్టి, "వీపుకి లెవెల్ 2 అని అమ్మారు, ఇది మీరే చూడండి" అన్నాను. గొంతు వణికింది, కానీ పెంచలేదు. ఆయన మొదట బిల్లు మీద అచ్చు చూపించారు. 2019 చట్టం, ముప్ఫై రోజుల మాట చెప్పాను. కాసేపు ఊరుకుని, ఈఎన్ 1621-2, లెవెల్ 2 అని రాసి ఉన్న ప్యాడ్ తెప్పించి డబ్బు తీసుకోకుండా వేయించారు. హెల్మెట్ లోపలి కవరు అలాగే ఉంది కాబట్టి ఎమ్‌కి మార్చారు. ఈసారి పదిహేను నిమిషాలూ నెత్తి మీద ఉంచుకుని అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. జాకెట్ వాపసు ఇస్తానంటే మాత్రం తీసుకోలేదు. 8,900 పోయినట్టే అనుకుంటున్నాను, కాకపోతే ఇప్పుడది నిజంగా పనికొచ్చే జాకెట్.

ఆ కుర్రాడు అక్కడే ఉన్నాడు. నా ముఖం వైపు చూడలేదు. నేను వెళ్ళేటప్పుడు అలవాటుగా హెల్మెట్ అద్దానికి ఆవిరి పట్టకుండా రాసే ద్రావణం సీసా ఒకటి తీసి నా ముందు పెట్టాడు. "వద్దు తమ్ముడూ" అన్నాను. తీసి అరలో పెట్టేశాడు. "అమ్మగారికి ఎలా ఉంది అన్నయ్యా?" అని అడిగాడు. చెప్పాను.