డి ఆఫ్ ఇ గోల్డ్ రెసిడెన్షియల్‌కి మన పిల్లలందర్నీ కలిపి పంపొచ్చా?

మిల్టన్‌కీన్స్_అమ్మ:
అందరికీ నమస్తే. మా అమ్మాయి ఇక్కడ ఇంగ్లండ్‌లో ఇయర్ 12 (మన ఇంటర్ ఫస్టియర్ లాంటిది), డి ఆఫ్ ఇ గోల్డ్, అంటే డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డులో పై లెవెల్, చేస్తోంది. వాలంటీరింగ్, బ్యాడ్మింటన్, వీణ అన్నీ నడుస్తున్నాయి, ఎక్స్‌పెడిషన్ (టీమ్‌గా వెళ్ళి బయట క్యాంప్ చేసే ట్రిప్) స్కూల్‌వాళ్ళే చూసుకుంటున్నారు, ఇంక రెసిడెన్షియల్, అంటే ఇంటికి దూరంగా కొన్ని రోజులు ఉండి ఏదో ఒకటి చెయ్యడం, ఒక్కటే మిగిలింది. మాకు తెలిసిన తెలుగు ఫ్యామిలీల్లో గోల్డ్ చేస్తున్న పిల్లలు ఇంకో నలుగురున్నారు, అందరూ చిన్నప్పట్నుంచీ కలిసి పెరిగినవాళ్ళే. అందుకని సమ్మర్‌లో లేక్ డిస్ట్రిక్ట్‌లో పెద్ద ఇల్లొకటి అద్దెకి తీసుకుని పిల్లల్ని ఐదు రోజులు అక్కడుంచి, రోజూ ఏదో ఒక యాక్టివిటీ పెట్టి, వంటకి ఇద్దరు అమ్మలం వెళ్దామనుకుంటున్నాం. మా అమ్మాయి వెజిటేరియన్, ఇంట్లోవాళ్ళు లేకుండా బయట ఎక్కడా ఉన్నది కాదు, అదే నా బెంగ. ఇలా చేస్తే ఒప్పుకుంటారా?

లెస్టర్_లీడర్:
అండీ, నేను ఇక్కడ ఒక గ్రూప్‌కి డి ఆఫ్ ఇ లీడర్‌ని. ఈ ప్లాన్‌కి ఒప్పుకోరు, డబ్బు కట్టకముందే అడిగారు, మంచి పని చేశారు. ఐదు పగళ్ళు నాలుగు రాత్రులు అన్నది ఒక్కటే రూల్ కాదు, పక్కనున్నవాళ్ళలో ఎక్కువమంది పిల్లకి అసలు పరిచయం లేనివాళ్ళయి ఉండాలి, అదీ అసలు విషయం. తెలిసిన ఫ్రెండ్ ఒకళ్ళు తోడు వెళ్తే ఫర్వాలేదు గానీ గుంపు గుంపంతా మనవాళ్ళే అయితే అది హాలిడే కిందకే వస్తుంది. చివర్లో రిపోర్ట్ రాసే అసెసర్ కూడా ఇంట్లోవాళ్ళు కాకూడదు. నా మాట అడిగితే, గోల్డ్ మొత్తంలో పిల్లల్ని బాగా మార్చేది ఈ ఐదు రోజులే, ఎక్స్‌పెడిషన్ కన్నా కూడా. అక్కడ టీమ్ వాళ్ళకి తెలిసిందే, ఇక్కడ వాళ్ళెవరో ఎవరికీ తెలీదు, టేబుల్ దగ్గర ఎవరి పక్కన కూర్చోవాలో దగ్గర్నుంచి తనే తేల్చుకోవాలి.

ఏం చెయ్యొచ్చంటే నాలుగు రకాలున్నాయి: ఇతరులకి సేవ, పర్యావరణం పని, ఏదైనా నేర్చుకోవడం, ఆటలూ సాహసాలూ. వీణ వాయిస్తుంది కాబట్టి మ్యూజిక్ సమ్మర్ స్కూల్ లాంటిది వెతకండి, బాగా కుదురుతుంది. డి ఆఫ్ ఇ వెబ్‌సైట్‌లో అప్రూవ్డ్ యాక్టివిటీ ప్రొవైడర్ల లిస్ట్ ఉంటుంది, అక్కడ మొదలెట్టండి. ఏది చూసుకున్నా బుక్ చేసేముందే స్కూల్ లీడర్ చేత సరే అనిపించుకుని ఇ-డి ఆఫ్ ఇ (వాళ్ళ ఆన్‌లైన్ రికార్డు) లో వివరాలు పెట్టించండి. కంగారేం లేదు, 25వ పుట్టినరోజు లోపు ఎప్పుడు పూర్తిచేసినా చాలు, ఎ లెవెల్స్ (ఇయర్ 13 చివర్లో రాసే పరీక్షలు) అయ్యాక వచ్చే సమ్మర్‌లో చేసేవాళ్ళు చాలామంది. ఐదుగురూ తలో చోటకీ వెళ్ళి వచ్చాక కలవమనండి, అప్పుడు చూడండి ఆ కబుర్లు.

బర్మింగ్‌హామ్_స్టూడెంట్:
ఆంటీ, నేను పాత కాలవ బాగుచేసే క్యాంప్‌కి వెళ్ళా, మాది 18 నిండినవాళ్ళకే, మీ పాపకి వయసు చూసుకోండి. విలేజ్ హాల్లో నేల మీద స్లీపింగ్ బ్యాగులేసుకుని పడుకోవడం, పొద్దున్నే లేచి కాలవలో పడవల్ని ఎత్తి దించే లాక్ గోడలోంచి తీసిన పాత ఇటుకలకి పట్టిన సున్నం సుత్తీ ఉలీతో కొట్టి కొట్టి వదిలించడం, సాయంత్రానికి చేతులు పైకి లేచేవి కావు. వంట వంతులవారీగా. నా వంతు వచ్చినప్పుడు పప్పు, జీలకర్ర అన్నం చేశా, నాతోపాటు ఉల్లిపాయలు తరిగిన రిటైర్డ్ ప్లంబర్ తాతగారు పోపు ఎలా వెయ్యాలో అడిగి మరీ నేర్చుకున్నారు. మొదటి రాత్రి మాత్రం ఏడుపొచ్చింది, అది నిజం. అమ్మకి ఫోన్ చేస్తే తను రమ్మనలేదు, తిన్నావా అని మాత్రం అడిగింది. మీరూ అలాగే చెయ్యండి ప్లీజ్.

రీడింగ్_నాన్న:
వెజిటేరియన్ గురించి బెంగ వద్దండి, ఇక్కడ అది మామూలే. కాకపోతే ఫారంలో ఊరికే వెజిటేరియన్ అని వదిలెయ్యకుండా గుడ్డు తింటుందా లేదా, చేపలు కూడా తినదు అని విడిగా రాయండి, కొంతమంది చేపలు తింటారనుకుంటారు. ఎలర్జీలు, మందులు కూడా అందులోనే. ఆడపిల్లలకి గదులు వేరేగా ఉంటాయా, రాత్రి పూట బాధ్యత ఎవరిది అని మెయిల్ పెట్టి అడగండి, అడగడంలో మొహమాటం ఏం లేదు, మంచి సంస్థ అయితే వెంటనే చెప్తుంది.

మిల్టన్‌కీన్స్_అమ్మ:
చాలా థ్యాంక్సండీ అందరికీ. పాపకి ఇదంతా చదివి వినిపిస్తే మ్యూజిక్ సమ్మర్ స్కూల్ అనగానే లేచి కూర్చుంది, తనే వెతుక్కుంటానంది. ఇంకో డౌట్, జూలైలో ఇండియా వెళ్తున్నాం, రాజమండ్రి దగ్గర మా అమ్మావాళ్ళ ఊళ్ళో ఉండి అక్కడి స్కూల్లో ఇంగ్లీష్ చెప్తే లెక్కలోకి వస్తుందా?

లెస్టర్_లీడర్:
వేరే దేశంలో చెయ్యొచ్చండి, లీడర్ ముందే ఒప్పుకోవాలి అంతే. కానీ అమ్మమ్మగారింట్లో ఉంటే కుదరదు. వేరే వాలంటీర్లతో కలిసి హాస్టల్లోనో క్యాంపస్‌లోనో ఉండాలి, అక్కడివాళ్ళు ఒకళ్ళు ఇంగ్లీష్‌లో రిపోర్ట్ రాసివ్వాలి, ఇన్సూరెన్స్ కూడా చూసుకోవాలి. జూలైకి ఇవన్నీ కుదర్చడం కష్టం. అమ్మమ్మ దగ్గర హాయిగా గడిపి రమ్మనండి, రెసిడెన్షియల్ ఆగస్టులో ఇక్కడే చూడండి. సమ్మర్ సీట్లు త్వరగా అయిపోతాయి, ఈ వీకెండే మెయిల్ పెట్టమనండి.